వారంటీ ముగిసిన కారుకు 1,92,000 బిల్లు: ముందు ఆ పర్సనల్ లోన్ పక్కన పెట్టండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చేతికి వచ్చే జీతం 1,05,000. హోమ్ లోన్ ఈఎంఐ 34,000, పాప స్కూలుకు 9,000, ఇంటి ఖర్చు 36,000, సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో కట్టేవి) 15,000. 2018లో కొన్న ఆటోమేటిక్ కారు 78,000 కిలోమీటర్లు తిరిగింది, వారంటీ ఎప్పుడో అయిపోయింది. గేర్‌బాక్స్ పోయిందని, మెకట్రానిక్స్ యూనిట్ (గేర్లు, క్లచ్‌ను నడిపించే ఎలక్ట్రానిక్, హైడ్రాలిక్ భాగం), క్లచ్ సెట్టు రెండూ మార్చాలని సర్వీస్ సెంటర్ వాళ్ళు 1,92,000కు ఎస్టిమేట్ ఇచ్చారు. సేవింగ్స్‌లో 42,000, మరో 5 నెలల్లో మెచ్యూర్ అయ్యే 7 శాతం ఎఫ్‌డీ 1,50,000, మ్యూచువల్ ఫండ్లలో 3,60,000 ఉన్నాయి. కారు లోన్ రెండేళ్ళ కిందటే తీరిపోయింది, దాని ఈఎంఐ 13,500 ఉండేది. బ్యాంకు 15 శాతానికి 2,50,000 ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. దాచుకున్నవి కదపకుండా ఆ లోన్ తీసుకోవడం మంచిదా, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవడం మంచిదా?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది గేర్‌బాక్స్ కాదు, ఆ 13,500. కారు ఈఎంఐ తీరి 24 నెలలైంది. ఆ డబ్బును అలాగే ప్రతి నెలా పక్కకు తీసి ఉంటే ఈపాటికి 3,24,000 ఉండేది. ఈ బిల్లు కట్టాక కూడా లక్షకు పైగా మిగిలేది. చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఇదే. ఈఎంఐ తీరే సమయానికే కారు వారంటీ కూడా ముగుస్తుంది. అంటే కారు మీద పెద్ద ఖర్చులు మొదలయ్యేది అప్పుడే. మనం మాత్రం కారు ఖర్చు అయిపోయిందనుకుని ఆ డబ్బును నెల ఖర్చుల్లో కలిపేసుకుంటాం. సిప్‌లు నడుస్తున్నాయి కాబట్టి పొదుపు బాగానే ఉందన్న ధీమా ఒకటి. అత్యవసర నిధి లేకుండా నడిపే సిప్‌లు మొదటి పెద్ద బిల్లు రాగానే అప్పు దగ్గరికి తీసుకెళ్తాయి. ఇప్పుడు మీకు జరుగుతున్నది అదే.

లోన్ లెక్క చూడండి. 2,50,000కు 15 శాతం చొప్పున మూడేళ్ళంటే నెలకు 8,666. మొత్తం కట్టేది దాదాపు 3,12,000. వడ్డీ 62,000, దానికి ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజు మీద జీఎస్టీ అదనం. పైగా మీకు కావాల్సింది 1,92,000 అయితే వాళ్ళు ఇస్తామంటున్నది 2,50,000. ఆ మిగతా 58,000 టైర్లకో, ఫోనుకో పోతుంది, వడ్డీ మాత్రం మీరే కడతారు. ఇక క్రెడిట్ కార్డు. ‘నో కాస్ట్’ అని రాసి ఉన్నా వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు తప్పవు, కార్డు లిమిట్ అంతా అందులో ఇరుక్కుంటుంది. ఒక్క నెల మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కట్టారంటే చాలా కార్డుల్లో నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం పడుతుంది. ఫోన్లోని లోన్ యాప్‌ల గురించి మీరు అడగలేదు, కానీ గ్యారేజీ బయట నిలబడి తీసుకునే అప్పులు ఎక్కువగా అవే. దయచేసి వాటి జోలికి వెళ్ళకండి. హోమ్ లోన్ మీద టాపప్ (అదే లోన్‌పై అదనపు అప్పు) చౌకగా కనిపిస్తుంది గానీ 9 శాతానికి 2,00,000 తీసుకుని 15 ఏళ్ళు కడితే అది 3,65,000 అవుతుంది. ఈ గేర్‌బాక్స్ అన్నాళ్ళు బతకదు.

డబ్బు సర్దే ముందు ఆ ఎస్టిమేట్‌ను సరిచూడాలి. విడిభాగాలు, లేబర్, జీఎస్టీ వేర్వేరుగా, పార్ట్ నంబర్లతో రాసిమ్మనండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహన విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే, ఎక్కడైనా 28 కనిపిస్తే దిద్దించండి. స్కానర్ రిపోర్టు ప్రింటు తీసుకోండి. మెకట్రానిక్స్, క్లచ్ రెండూ ఒకేసారి పోవాలని లేదు. డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్) గేర్‌బాక్సుల్లో చాలాసార్లు మెకట్రానిక్స్‌లో హైడ్రాలిక్ ప్రెషర్ పడిపోయి గేర్లు పడవు. అలాంటప్పుడు యూనిట్ మొత్తం మార్చకుండా లోపలి భాగాన్ని బాగుచేసే స్పెషలిస్టు గ్యారేజీలు బెంగళూరులో ఉన్నాయి. ఆ రిపోర్టుతో ఒక చోటైనా రెండో అభిప్రాయం తీసుకోండి. క్లచ్ ఎంత అరిగిందో కొలిచి చూపించమనండి. కారు విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ యూనిట్ దొరుకుతుందని ఎవరైనా చెబితే, అది మీ కారుకు కోడింగ్ అవుతుందా (కారు కంప్యూటర్‌తో జత కుదురుతుందా), ఎన్ని నెలల గ్యారంటీ అన్నది బిల్లు మీద రాసిస్తేనే ఆలోచించండి.

సర్వీసులన్నీ కంపెనీ దగ్గరే చేయించి ఉంటే, ఆ రికార్డులు జతచేసి ‘గుడ్‌విల్’ కింద విడిభాగాల ఖర్చులో కొంత భరించమని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. సర్వీస్ మేనేజర్‌ను నోటిమాటగా అడిగితే పని జరగదు. వారంటీ ముగిసింది కాబట్టి వాళ్ళు ఒప్పుకోవాలని లేదు, కానీ రాతపూర్వకంగా అడిగిన వాళ్ళకు కొన్నిసార్లు దక్కుతుంది. ఇన్సూరెన్స్ దీనికి పనికిరాదు, యాంత్రిక లోపాలు ఓన్ డ్యామేజ్ కవర్ (ప్రమాదాల్లాంటి వాటిలో మీ కారుకు జరిగే నష్టానికి ఇచ్చే బీమా) కిందికి రావు. కింద రాయి తగిలినట్టు చూపించి క్లెయిమ్ చేద్దామని గ్యారేజీలో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది మోసం. దొరికితే క్లెయిమ్ పోతుంది, కేసూ కావచ్చు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఎస్టిమేట్ ఒక్క రూపాయి కూడా తగ్గలేదనే అనుకుందాం. ఎఫ్‌డీని విరగ్గొట్టకండి, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని తాకట్టుగా ఉంచి, వాడుకున్నంతకే వడ్డీ కట్టే అప్పు) తీసుకోండి. సాధారణంగా 90 శాతం, అంటే 1,35,000 వరకు ఇస్తారు, వడ్డీ ఎఫ్‌డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. చాలా బ్యాంకుల్లో నెట్ బ్యాంకింగ్‌లోనే పని అయిపోతుంది. ట్యాక్స్ సేవర్ ఎఫ్‌డీ అయితే మాత్రం ఈ దారి లేదు. అందులోంచి 1,30,000 తీయండి. సిప్‌లు ఐదారు నెలలు ఆపితే 15,000, మీ లెక్క ప్రకారం ఎలాగూ మిగలాల్సిన 11,000 కలిపి ఈ నెల 26,000. తక్కువ పడే 36,000ను మీ మ్యూచువల్ ఫండ్లలో కొని ఏడాది దాటిన ఈక్విటీ (షేర్ల) ఫండ్ యూనిట్ల నుంచి తీయండి. ఏడాదికి 1,25,000 వరకు దీర్ఘకాలిక లాభంపై పన్ను లేదు. సేవింగ్స్‌లోని 42,000ను ముట్టుకోవద్దు.

తర్వాత ప్రతి నెలా ఆ 26,000 ఓవర్‌డ్రాఫ్ట్‌కు కట్టండి. సరిగ్గా 5 నెలల్లో అసలు తీరుతుంది. 8 శాతం చొప్పున మొత్తం వడ్డీ దాదాపు 2,600. ఎఫ్‌డీ మాత్రం తన 7 శాతం తాను సంపాదిస్తూనే ఉంటుంది. 62,000 ఎక్కడ, 2,600 ఎక్కడ! ఆ 11,000 నెలనెలా నిజంగా మిగలకపోతే అది ఎటు పోతోందో భార్యాభర్తలిద్దరూ కూర్చుని ముందు తేల్చుకోండి.

అసలు పని, అంటే అత్యవసర నిధి కూడబెట్టడం, ఆరో నెలలో మొదలవుతుంది. మీ ఇంట్లో తప్పనిసరి ఖర్చులు 79,000. ఆరు నెలలకు 4,74,000 అవుతుంది. జీతం ఒక్కటే, ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో, నెత్తిన హోమ్ లోన్. అంతకంటే తక్కువకు నేను ఒప్పుకోలేను. మెచ్యూర్ అయిన 1,50,000, సేవింగ్స్‌లోని 42,000 పోను ఇంకా 2,82,000 కావాలి. సిప్‌లను సగానికి, 7,500కు తగ్గించండి. మిగిలే 18,500లో 14,500 ఈ నిధికి వెళ్తే దాదాపు 20 నెలల్లో నిండుతుంది. సిప్ తగ్గించడానికి మనసొప్పదని నాకు తెలుసు. అయినా తగ్గించండి. కొంత స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు జతగా ఉండే ఎఫ్‌డీ), కొంత లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. లిక్విడ్ ఫండ్ నుంచి వెంటనే తీసుకోగలిగేది రోజుకు 50,000 లేదా 90 శాతం, ఏది తక్కువైతే అదేనని గుర్తుంచుకోండి. అందుకే అంతా అందులోనే పెట్టొద్దంటున్నాను.

మిగిలిన 4,000 కారుకు, వేరే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)లో. ఈ రెండూ కలపకండి. ఉద్యోగం పోవడం ఎప్పుడో చెప్పలేం. వారంటీ దాటిన కారు అడిగే డబ్బు మాత్రం ముందే తెలిసిన ఖర్చు. బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్ళు, టైర్లు 40,000 నుంచి 50,000 కిలోమీటర్లు, ఆ వెనకే సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, ఏసీ కంప్రెసర్. మీ కారు వయసుకు ఇవన్నీ దగ్గర్లోనే ఉన్నాయి.

బండి తెచ్చుకునేటప్పుడు మార్చిన పాత భాగాలు అడిగి తీసుకోండి, కొత్త వాటికి ఎన్ని నెలల వారంటీయో బిల్లు మీద రాయించండి. సిల్క్ బోర్డు కూడలి లాంటి ట్రాఫిక్ ఆగే చోట ముందున్న బండికి అతుక్కుని అంగుళం అంగుళం జరిగితే క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. రెండు కార్ల ఖాళీ వచ్చే దాకా బ్రేకు మీదే ఉండి, అప్పుడు కదలండి. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే న్యూట్రల్‌లో పెట్టండి. ఆర్‌డీ డెబిట్ తేదీని మాత్రం జీతం పడిన మర్నాటికే పెట్టుకోండి, నెలాఖరుకు వద్దు.