మా వీధి అడ్డదారి అయిపోయింది

ప్రశ్న: మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికి కార్లు, బైకులు మా కాలనీ వీధిలోంచి దూసుకుపోతున్నాయి. గేటు పెట్టేయవచ్చాండీ?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కార్పొరేషన్ వీధి అందరిదీనమ్మా. గేటు వేస్తే అంబులెన్సూ ఆగిపోతుంది. ఆ దారిన రావడం తప్పు కాదు; వాకిట్లో ముగ్గేసే మనిషి, సైకిల్ నేర్చుకునే పిల్లాడు ఉన్నచోట యాభైలో పోవడం ముమ్మాటికీ తప్పు.

మీరే సిమెంటుతో స్పీడ్ బ్రేకర్ పోయకండి. ఇరుగ్గా, నిటారుగా లేస్తే రాత్రిపూట బైకుల్ని పడేస్తుంది. రోడ్ల ప్రమాణాలు ఖరారు చేసే ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. గంటకు 25 కిలోమీటర్లతో సాఫీగా దాటొచ్చు. నలుపు తెలుపు చారలు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు తప్పనిసరి.

వారంపాటు రద్దీవేళల్లో బళ్లు లెక్కపెట్టి, ఆ కాగితం జతచేసి ట్రాఫిక్ పోలీసులకూ, మున్సిపల్ ఇంజనీరుకూ స్పీడ్ బ్రేకర్ వేయమని అర్జీ ఇవ్వండి.