డ్రయ్యర్ ప్లగ్గుకి బీరు గిన్నె తగిలించొచ్చా?

ప్రశ్న: అన్నా, మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండేళ్లుగా గ్యారేజీ ముందు ప్రొపేన్ పొయ్యి మీద 5 గాలన్ల చొప్పున బీరు కాస్తున్నాను. జులై ఎండలో ఆ పొయ్యి పక్కన నిలబడటం ఇక నా వల్ల కాదు. కరెంటుకి మారదామంటే ఫ్రెండ్స్ అందరూ గిన్నెలో మునిగి వేడి చేసే 5,500 వాట్ల ఎలిమెంటు కొనమంటున్నారు. గ్యారేజీ గోడకే డ్రయ్యర్ ప్లగ్గు ఉంది, దానికి పెట్టేస్తే సరిపోతుందా? షాక్ కొడుతుందేమోనని మా ఆవిడకి ఒకటే టెన్షన్.

జవాబు: మీ ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉంది తమ్ముడూ. ఇది నీళ్లూ కరెంటూ ఒకే గిన్నెలో ఉండే పని. గిన్నె ఏది కొనాలి, పంపు ఏది కొనాలి అని నెలరోజులు వెతుకుతారు గానీ గోడలో ఏముందో చూడరు చాలామంది. మీరు ముందు అదే చూడండి, డబ్బులు తర్వాత ఖర్చు పెడుదురు గాని.

5,500 వాట్లని 240 వోల్టులతో భాగిస్తే దాదాపు 23 ఆంపియర్లు. డ్రయ్యర్ సర్క్యూట్ మామూలుగా 30 ఆంపియర్లది, గంటల తరబడి వాడే లోడుని అందులో 80 శాతం, అంటే 24 దాటనివ్వకూడదు. అందరూ 5,500 అనే అంకె చెప్పడానికి కారణం ఇదే, సరిగ్గా ఇమిడిపోతుంది. అయితే డ్రయ్యర్, బీరు గిన్నె ఒకేసారి నడవవు, ఇంట్లో బట్టలు ఉతికే రోజు మీరు కాచే రోజు వేరుగా ఉండాలి.

ఇప్పుడు ఆ ప్లగ్గుకి ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెట్టండి. నాలుగుంటే విడిగా ఎర్త్ వైరు ఉన్నట్టు. మూడే ఉంటే అది పాతకాలం వైరింగు, దాంట్లో విడిగా ఎర్త్ ఉండదు, దానికి బీరు గిన్నె పెట్టొద్దు. 1996 తర్వాత కట్టిన ఇళ్లలో నాలుగు రంధ్రాలదే ఉండాలి కాబట్టి ఫ్రిస్కోలో మీకు ఆ చిక్కు రాకపోవచ్చు. నాలుగున్నా పని అయిపోలేదు. మామూలు బ్రేకరు 30 ఆంపియర్లు దాటితే గానీ పడదు, మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. లీకేజీని పసిగట్టే జీఎఫ్‌సీఐ బ్రేకరు అయితే 5 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైనా కట్ చేస్తుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది పెట్టించండి. "మన హైదరాబాద్‌లో గీజర్ నేనే బిగించాను, ఇదేముంది" అనుకోవద్దు, అక్కడ ఒక ఫేజు, ఒక న్యూట్రలు, ఇక్కడ 240లో రెండు వైర్లూ కరెంటువే.

ఆ రెండు వైర్ల సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. నా మొదటి కంట్రోల్ బాక్సులో ఎలిమెంటుని ఆన్, ఆఫ్ చేసేది సాలిడ్ స్టేట్ రిలే అనే ఎలక్ట్రానిక్ స్విచ్చి ఒక్కటే, అదీ ఒక వైరు మీదే. ఈ రిలేలు పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే ఇరుక్కుపోతాయి. ఒక ఆదివారం కాచడం అయ్యాక గిన్నె ఖాళీ చేస్తున్నాను, కంట్రోలర్ తెర మీద పవరు సున్నా చూపిస్తోంది, ఉన్నట్టుండి బెల్లం పాకం మాడిన వాసన. చూస్తే ఎలిమెంటు నీటి పైకి తేలి ఎర్రగా కాలుతోంది. ప్లగ్గు పీకేశాను కాబట్టి సరిపోయింది, ఎలిమెంటు మాత్రం చెత్తబుట్టకే. అప్పటినుంచి రిలేకి ముందు ఒక కాంటాక్టరు, అంటే పెద్ద కరెంటుని తెంపే అయస్కాంతపు స్విచ్చి, దాన్ని నడపడానికో పెద్ద మీట పెట్టుకున్నాను. అది నొక్కితే రెండు వైర్లూ కట్ అవుతాయి. రిలే వేడిని లాగేసే లోహపు పలక, హీట్ సింకు, కూడా పెద్దదే పెట్టండి, పెట్టె లోపల అది బాగా వేడెక్కుతుంది.

ఎలిమెంటు కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూడకండి. అవే 5,500 వాట్లు పొట్టి కడ్డీలో ఉంటే దాని ఒళ్లు మరీ కాలి, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసంలో చక్కెర పాలగిన్నె అడుగంటినట్టు అంటుతుంది, బీరంతా మాడు కంపు. మెలికలు తిరిగిన పొడవాటిది, 'అల్ట్రా లో వాట్ డెన్సిటీ' అని రాసి ఉన్నది తీసుకోండి. బార్లీ రవ్వని గుడ్డసంచిలో నానబెట్టే పద్ధతి మీదైతే సంచి ఎలిమెంటు మీద ఆనకుండా కింద జల్లెడ పళ్లెం పెట్టండి.

ఇదంతా చేశాక సుఖం మామూలుగా ఉండదు. 8 గాలన్ల నీళ్లు 20 నిమిషాల్లో 67 డిగ్రీల సెల్సియస్‌కి వస్తాయి. రవ్వ నానే గంటసేపూ పంపుతో రసాన్ని తిప్పుతుంటే కంట్రోలరే 66 దగ్గర పట్టుకుంటుంది, మీరు లోపల కూర్చుని క్రికెట్ చూసుకోవచ్చు. మరిగేటప్పుడు మాత్రం కదలొద్దు, చేదు కోసం వేసే హాప్స్ పూలు పడిన నిమిషంలో పాలు పొంగినట్టు పొంగుతుంది. తెర్లడం మొదలయ్యాక పవరు 60 శాతానికి తగ్గించండి. మూత పెట్టొద్దు, పెడితే ఉడికించిన మొక్కజొన్న వాసన బీరులోనే ఉండిపోతుంది. గంటకి గాలన్ దాకా ఆవిరి పోతుంది, అదంతా గోడలకి పట్టకుండా గ్యారేజీ తలుపు తెరిచి ఫ్యాను పెట్టండి.

ఇక ఎండాకాలం టెక్సాస్ కుళాయి నీళ్లతో రసం చల్లారదు. కొంతవరకు కుళాయితో చల్లార్చి, తర్వాత ఐసు నింపిన కూలర్‌లోంచి చిన్న పంపుతో, రసంలో ముంచిన రాగి గొట్టం చుట్టలోకి నీళ్లు తిప్పండి. ఈస్టు వేయడం పెరుగు తోడు పెట్టడం లాంటిదే గానీ గోరువెచ్చగా కాదు, ఏల్ రకం బీరుకి 20 డిగ్రీల లోపు.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. బాత్రూం ఇమ్మర్షన్ రాడ్డుతో బకెట్‌లో ఇలాగే చేసుకోవచ్చా సార్?

జవాబు: వద్దు. రాడ్డు సంగతి పక్కన పెట్టండి, తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం నేరం. అమెరికాలోనూ ఇది మొదటినుంచీ ఉన్న హక్కు కాదు, 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో వచ్చింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే అయితే 100, అమ్మకూడదు. అప్పుడు కూడా రాష్ట్రాలు ఒప్పుకోవాలి, అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. మీకు హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలున్నాయి, అక్కడికి వెళ్లండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటాను. 240 ప్లగ్గు లేదు. ఇక నాకు దారే లేదా అండీ?

జవాబు: ఉందండీ, బ్యాచ్ సగం చేసుకోండి. 120 వోల్టుల మీద 1,500 వాట్లే వస్తాయి, దాంతో 5 గాలన్లంటే నీళ్లు కాగడానికే గంట దాటుతుంది, మరిగించడానికి ఇంకో ముప్పావుగంట పైనే. 2.5 గాలన్లయితే అర్ధగంట పైన కొంచెం, మరగడానికి ఇంకో పాతిక నిమిషాలు. వంటింటి 20 ఆంపియర్ల సర్క్యూట్‌కే, సింకు దగ్గరి జీఎఫ్‌సీఐ ప్లగ్గుకే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు, కాస్తున్నంతసేపూ అదే లైను మీద మైక్రోవేవ్ ఆన్ చేయొద్దని ఇంట్లో చెప్పండి. చెప్పినా ఎవరో ఒకరు ఆన్ చేస్తారు, కరెంటు పోతుంది, కాబట్టి బ్రేకర్ పెట్టె ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.