బరంపురం వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జమ్మకి అత్త ఆశీస్సులు.

బరంపురంలో ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం ఖాయమైందని, వచ్చే నెల ఒకటి నుంచి అక్కడే గది తీసుకుని ఒక్కదానివే ఉంటావని మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికని పర్లాకిమిడి దాటడం ఇదే మొదలు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ధ్యాసనీ కుదురునీ దెబ్బతీసే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్ల, అందులోనూ ధ్యాస నిలవని రకం, అంకెల పనికి వెళ్తోందేమిటని మీ అమ్మ దిగులు. అంకెల గురించి నాకంత భయం లేదు. నా భయమంతా నువ్వు వంటింట్లో ఒక్కదానివే ఉంటావనే.

బట్టలు, ఆధార్, సర్టిఫికెట్ల జిరాక్సులు మీ అమ్మ సర్దుతుంది, వాటి గురించి నేను రాయను.

ముందు గ్యాస్ సంగతి. పాలు పొయ్యి మీద పెట్టి ఫోను చూసుకుంటూ అవతలి గదిలోకి వెళ్తావు. పాలు పొంగి మంట ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. వాసన తెలిసేసరికి గదంతా నిండిపోతుంది. అప్పుడు లైటు వెయ్యకు, వెలుగుతున్నది ఆర్పకు కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చెయ్యి. అసలు అంతదాకా రానివ్వద్దు. టైమర్ ఉన్న ఇండక్షన్ పొయ్యి కొనుక్కో. పాలకి ఆరు నిమిషాలు పెడితే అదే ఆగిపోతుంది. గిన్నె మాత్రం అడుగు చదునుగా, అయస్కాంతం అంటుకునేది అయ్యుండాలి, మామూలు అల్యూమినియం గిన్నెకి వేడి పుట్టదు. టీ నీళ్లకి దానంతటదే కట్టయ్యే కెటిల్ చాలు. గ్యాస్ తప్పదంటే, పొయ్యి వెలుగుతుండగా వంటింట్లోంచి కదలాల్సొస్తే గరిటె చేతిలో పట్టుకునే బయటికి రా. ఎక్కడికెళ్లినా చేతిలో గరిటె కనిపిస్తుంది కదా.

ఆ గరిటెలో ఉన్నదే నేను నీకు చెప్పాలనుకుంటున్నదంతా. ఏం చెయ్యాలో నీకు తెలుసు, చెయ్యాల్సిన నిమిషంలోనే అది తలపుకి రాదు. కాబట్టి తలలో దాచుకోకు. పని జరిగే చోటే, కంటికి తగిలేలా బయట పెట్టు. తాళంచెవి, పర్సు, ఆఫీసు కార్డు తలుపు పక్కనే ఒకే కొక్కేనికి. మాత్రలు బ్రష్ పక్కన. తీసుకెళ్లాల్సిన కాగితం చెప్పుల మీద. ఫోనులో అలారం పెడితే దానికి పేరు కాదు, పని రాయి: ‘ఆఫీసు’ అని కాకుండా ‘లేచి చెప్పులు వేసుకో’ అని. నువ్వు కదిలేదాకా దాన్ని ఆపకు.

డాక్టరుగారు నీకీ సంగతి తేల్చి చెప్పినప్పుడు 20 ఏళ్ల దాకా ఎవరికీ ఎందుకు తెలియలేదని ఏడ్చావు. మానసిక సమస్యల్ని తేల్చడానికి డాక్టర్లు చూసే పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రకారం ధ్యాసకి సంబంధించిన 9 లక్షణాల్లో 17 ఏళ్లు నిండినవాళ్లకి కనీసం 5 ఉండాలి. వాటిలో కొన్నయినా 12 ఏళ్లలోపే, ఒక్క చోట కాకుండా ఇంట్లోనూ బడిలోనూ కనబడి ఉండాలి. నీకు అన్నీ ఉన్నాయి. కానీ బెంచీలెక్కి గంతులేసే పిల్లాడు టీచరు కంట్లో పడతాడు, కిటికీలోంచి చూస్తూ కూర్చున్న పిల్ల ‘బుద్ధిమంతురాలు’ అనిపించుకుంటుంది. ఆడపిల్లలు చాలామందికి ఆలస్యంగా తెలిసేది ఇందుకే. బద్ధకం అనే మాట నీ మీద మళ్లీ పడనివ్వను.

ఇక నీ చేజారిన ఆ స్కాలర్‌షిప్ సంగతి. మళ్లీ ఎత్తానని కోపగించుకోకు. ఆఫీసులో నీకు రోజూ అలాంటి కాగితాలే వస్తాయి గనక వివరంగా చెప్పాలి. ఆదాయం సర్టిఫికెట్ ఉంది, ఫోటో ఉంది, పాసుబుక్ జిరాక్సు ఉంది. కాలేజీ సంతకం ఒక్కటే తక్కువ. ఫారం ఫైల్లో, ఫైలు బ్యాగులో, బ్యాగు మంచం కింద. నెలాఖరు రాత్రి తీశావు. అప్పటికి సంతకం పెట్టేవాళ్లు లేరు, సైటు తెరుచుకోలేదు. అందరూ మర్చిపోయావన్నారు. నువ్వు మర్చిపోలేదు, ఆ నెలంతా దాన్ని తలుచుకుని కుమిలిపోతూనే ఉన్నావని నాకు తెలుసు. తప్పు ఎక్కడుందో చూడు. నువ్వు రాసుకున్నది ఒకే తేదీ, ఆఖరి తేదీ. నీలాంటివాళ్ల మనసుకి కాలం రెండే ముక్కలు: ఇప్పుడు, తర్వాత. ఆఖరి తేదీ ‘ఇప్పుడు’ అయ్యేదాకా ‘తర్వాత’లోనే ఉంటుంది. పైగా ‘స్కాలర్‌షిప్ ఫారం’ అని రాసుకున్నావు, అది పని కాదు, పేరు. ‘మంగళవారం పదకొండింటికి ఆఫీసు రూముకెళ్లి సంతకం అడగాలి’ అన్నది పని. ఇలా ప్రతి కాగితాన్నీ అడుగులుగా విడగొట్టి, ఒక్కో అడుగుకీ ఒక్కో తేదీ వెయ్యి. ఆఖరి తేదీని మూడు రోజులు ముందుకి జరిపి క్యాలెండర్‌లో రాసి, అసలు తేదీ వేరే మనిషికి చెప్పు. పని మిగిలిన కాగితం ఫైల్లో పెట్టకు, గోడకి క్లిప్పుతో తగిలించు. మూసిన ఫైలు నీ పాలిట లేనట్టే లెక్క.

అంతకంటే పెద్ద నష్టం ఆ తర్వాత జరిగింది. సిగ్గుపడి నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. ముందే చెప్పి ఉంటే ఆ ఏడాది ఫీజుకి మీ నాన్న ఏదో దారి చూసేవాడు. ఆఫీసులో ఏదైనా తప్పిపోతే అదే రోజు, అదే గంటలో చెప్పు. ‘ఇది తప్పింది, ఇలా సరిచేస్తాను, ఇంత టైం పడుతుంది’ అంతే. ఎందుకు జరిగిందో పెద్ద కథ చెప్పొద్దు.

నీ పని తేదీలతో నడిచేది కావడం నిజానికి మంచిదే. నెలనెలా జీఎస్టీ లెక్క ఇచ్చేవాళ్లకి అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 మరుసటి నెల 11న, పన్ను కట్టే రిటర్ను 3బీ 20న. బయటినుంచి వచ్చే గడువు నిన్ను కదిలిస్తుంది. వాటికి నువ్వు 8, 17 అని రాసుకో. బిల్లులు ఎంట్రీ చేసేటప్పుడు వరుస కింద స్కేలు పెట్టి అంకె పైకి చదువుతూ కొట్టు. సరిచూసేటప్పుడు కింది నుంచి పైకి రా, అప్పుడు కన్ను జారదు. మొత్తాల తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే ఎక్కడో రెండంకెలు తారుమారు అయ్యాయేమోనని ముందు చూడు: 540కి 450 కొట్టి ఉంటావు, తేడా 90. అలాంటి తప్పు నీకు ఎక్కువ జరుగుతుంది, తిట్టుకోకుండా వెతుక్కో.

ఆఫీసులో పెద్దాయన ఒడియాలో గబగబా నాలుగు పనులు చెప్తాడు. ‘హఉ ఆజ్ఞా’ (అలాగేనండీ) అని తలూపి వచ్చెయ్యకు. చేతిలో చిన్న పుస్తకం ఉంచుకుని, రాసుకుని, ‘ముందు ఇది, తర్వాత ఇది, అంతేనా?’ అని తిరిగి చెప్పు. నీకు వేగంగా వచ్చే లిపిలోనే రాసుకో. ఒడియాలో విని, తెలుగులో ఆలోచించి, ఇంగ్లీషులో రాయబోతే మధ్యలోనే సగం పోతుంది.

మొదలుపెట్టలేని పనికి 25 నిమిషాల టైమర్ పెట్టమంటారు. నీకు 25 ఎక్కువనిపిస్తే 10 పెట్టు. ఇంకో మనిషి పక్కనుంటే నీకు పని జరుగుతుందని గమనించాను. ఆదివారం ఫోను స్పీకర్లో పెట్టి నువ్వు బట్టలు మడత పెట్టు, మీ అమ్మ కూర తరుగుతుంది. మాటలు లేకపోయినా ఫరవాలేదు.

నీ బలాలు కూడా రాయాలి, ఎవరూ చెప్పరు గనక. నచ్చిన విషయంలో పడితే నీ అంత లోతుకి వెళ్లేవాళ్లు లేరు. సంబంధం లేదనుకున్న రెండింటి మధ్య లంకె నీకే ముందు కనిపిస్తుంది. లెక్కల్లో ఎక్కడో ఏదో తేడాగా ఉందని పసిగట్టే పని నీకు పడితే చూడు. కానీ ఆ మునకకి అడ్డు ఉండదు, అన్నం, నీళ్లు, బస్సు అన్నీ పోతాయి. అందుకని విసుగు పని పొద్దున్నే, ఇష్టమైనది మధ్యాహ్నం, సాయంత్రం ఐదున్నరకి అలారం, అదీ చేతికందని చోట.

మందుల విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. నీది మిథైల్‌ఫెనిడేట్, చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని షాపుల్లోనూ ఉండదు. పది మాత్రలు మిగిలాయంటే అదే రోజు డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఆకలి తగ్గిస్తుంది గనక ముందు టిఫిన్ తిను. ఆలస్యంగా వేసుకుంటే నిద్ర పట్టదు. బీపీ, నాడి చూపించుకుంటూ ఉండు. నీ అంతట నువ్వు మోతాదు మార్చొద్దు, స్నేహితురాలికి ఒక్కటి కూడా ఇవ్వొద్దు. అక్కడ ఎంకేసీజీ ఆసుపత్రిలో మనోరోగ విభాగం ఉంది, మొదటి నెలలోనే ఒకసారి వెళ్లి చీటీలు చూపించి రా. రాత్రిపూట మనసు మరీ బరువెక్కితే మనసు బాధలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ 14416 ఉచితం, ఎప్పుడైనా ఎత్తుతారు. నాకు ఫోన్ చేసినా ఎత్తుతాను, అర్ధరాత్రి అయినా.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకు తల్లీ. మొదటి వారం కొక్కెం, ఇండక్షన్ పొయ్యి. రెండో వారం చిన్న పుస్తకం. ఏదైనా పద్ధతి కొన్నాళ్లకి పాతబడి కంటికి ఆనకపోతే దాని చోటు మార్చు, రంగు మార్చు, పద్ధతి పనికిరాదని మానెయ్యకు.

గది చూశాక తలుపు పక్క గోడకి మేకు దిగుతుందో లేదో ఫోటో పంపు. దిగకపోతే అంటించే కొక్కేలు ఇక్కడే కొని మీ నాన్నతో పంపుతాను.

నీ అత్త