రోజూ 20 నిమిషాలు బొమ్మ వేయడం మేలా, ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం మేలా?

అడిగిన ప్రశ్న: చెన్నై ఓఎంఆర్‌లో ఉద్యోగం, వేళచ్చేరిలో కాపురం. చిన్నప్పుడు బొమ్మలు వేసేవాణ్ణి, మళ్ళీ మొదలుపెట్టాలని ఉంది. రోజూ వేస్తే నిజంగా ఒరిగేదేమైనా ఉందా, లేక సెలవు రోజు తీరిగ్గా కూర్చుంటే చాలా? ఏం కొనాలి? మా ఏడేళ్ళ పాప కూడా పక్కన కూర్చుంటానంటోంది.

రోజూ 20 నిమిషాలే మేలండి. వారం మొత్తం కలిపినా రెండు గంటల ఇరవై నిమిషాలే అవుతుంది, ఆదివారం నాలుగు గంటల కంటే తక్కువే. అయినా లాభం దీన్లోనే ఎక్కువ. బొమ్మలు వేసేవాళ్ళకి చేతికంటే ముందు చూపు పదునెక్కాలి. ఆ పదును వారం రోజులు వదిలేస్తే మొద్దుబారుతుంది. ఆదివారం కూర్చున్నప్పుడు మొదటి గంట పోయినవారం ఎక్కడ ఆగామో అక్కడికి చేరడానికే సరిపోతుంది. రోజూ వేసేవాళ్ళకి ఆ గంట మిగులుతుంది. నేర్చుకునేదాన్ని ఒకే బిగిన కాకుండా రోజుల మీద పరిచి నేర్చుకుంటే ఎక్కువ నిలుస్తుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే రాశాడు. ఆయన ప్రయోగం చేసింది అర్థంలేని అక్షరాలని గుర్తుపెట్టుకోవడం మీద. బొమ్మల దగ్గరా అదే పని చేస్తుందని రోజూ వేసేవాళ్ళని అడిగితే చెప్తారు.

కానీ ఒక షరతు ఉంది. రోజుకో కొత్త వస్తువు, రోజుకో కొత్త రంగుపెట్టె అయితే ఈ లాభం రాదు. మొదటి వారం ఏడు రోజులూ ఒకే వస్తువు వేయండి. చెన్నైలో ఉన్నారు కాబట్టి వంటింట్లో కాఫీ డబరా, గ్లాసు ఉండనే ఉంటాయి. వాటికి మించిన పాఠం నాకు తెలిసి లేదు. కిటికీ ఒక పక్కన ఉండేలా బల్ల మీద పెట్టి, మీరు రెండడుగుల దూరంలో కూర్చోండి. ట్యూబులైటు ఆపేయండి. రెండు వైపుల నుంచి వెలుతురు పడితే నీడలు కలగాపులగం అవుతాయి.

మొదటి రోజు గీత మాత్రమే. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొనని గ్లాసు పై అంచుకి ఆనించినట్టు పట్టుకుని, బొటనవేలి గోరుని అడుగు దగ్గరికి జరపండి. అది ఎత్తు. అదే కొలతని అడ్డంగా తిప్పి మూతి వెడల్పు ఎత్తులో ఎంత భాగమో చూడండి. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుంది, అందరూ తప్పేది ఇక్కడే. ఇంకొకటి, నోట్‌బుక్ బల్ల మీద చదునుగా పెట్టకండి. చదునుగా ఉన్న కాగితాన్ని మనం ఏటవాలుగా చూస్తాం కాబట్టి వేసేటప్పుడు సరిగ్గానే కనిపిస్తుంది. తీసి ఎదురుగా పట్టుకుంటే గ్లాసు నిలువుగా సాగి ఉంటుంది. కింద రెండు మూడు లావు పుస్తకాలు పెట్టి ఏటవాలుగా నిలబెట్టుకుంటే చాలు.

రెండో రోజు, మూడో రోజు కేవలం మూతి, అడుగు. మూతి గుండ్రంగా ఉందని మనకి తెలుసు కాబట్టి మరీ గుండ్రంగా వేసేస్తాం. గ్లాసు బల్ల మీద ఆనింది కదా అని అడుగుని అడ్డగీత గీసేస్తాం. నిజానికి పైనుంచి చూస్తున్నప్పుడు మూతి పలచటి దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది, అడుగు దానికంటే కాస్త ఎక్కువ గుండ్రంగా కనిపిస్తుంది. అడుగు మన కంటికి ఇంకా దిగువన ఉంటుంది గనక. దీర్ఘవృత్తం రెండు చివరలూ మొనదేలకూడదు, అక్కడ కూడా గీత తిరగాలి. మణికట్టు ఆనించి గీస్తే మొన తప్పదు. భుజం నుంచి చెయ్యి ఊపుతూ, కాగితాన్ని తాకకుండా గాల్లో రెండు మూడుసార్లు తిప్పి, అదే ఊపులో పెన్సిల్ దించండి. నాలుగో రోజు గ్లాసుని వదిలేసి గ్లాసుకీ డబరాకీ మధ్య ఉన్న ఖాళీ ఆకారాన్ని వేయండి. ఆ ఖాళీకి పేరు లేదు కాబట్టి మెదడు తనకి తెలిసిన గ్లాసు బొమ్మని అందించలేదు, చచ్చినట్టు చూడాల్సిందే.

అయిదో రోజు నుంచి షేడింగ్. కళ్ళు చికిలించి చూస్తే వివరాలు పోయి మూడే ఛాయలు మిగులుతాయి: తెలుపు, మధ్యది, నలుపు. స్టీలు గ్లాసు అంతా బూడిదరంగు పూసేస్తే అది మట్టి గ్లాసు అయిపోతుంది. స్టీలుకి మెరుపు రావాలంటే దాదాపు నల్లటి చార పక్కనే కాగితం తెలుపు ఉండాలి, రెండింటి మధ్య అంచు కత్తిరించినట్టు ఉండాలి. ఆ నల్ల చార కిటికీ చట్రానిదో, మీ చొక్కాదో అయి ఉంటుంది. చూస్తే తెలుస్తుంది. ఏడో రోజు బొమ్మని మొదటి రోజు బొమ్మ పక్కన పెట్టుకోండి. మీకు ప్రతిభ ఉందా లేదా అన్న బెంగ ఉంటే దానికి జవాబు అక్కడ దొరుకుతుంది.

బొమ్మ బాగుపడటం సరే, మిగతా లాభాల సంగతి. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు 39 మంది పెద్దవాళ్ళ చేత 45 నిమిషాలు తోచిన కళ చేయించి, ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనుని కొలిచారు. సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది, ఇదివరకు అనుభవం ఉందా లేదా అన్నదానితో పెద్ద తేడా రాలేదు. చిన్న అధ్యయనం, ఏమీ చేయని ఇంకో గుంపుతో పోల్చి చూసినది కాదు, కాబట్టి దీన్ని పట్టుకుని బొమ్మలు మందు అనేయకూడదు. నిద్ర పట్టకపోవడం, దిగులు వారాల తరబడి వదలకపోవడం ఉంటే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. అదే ఏడాది కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీ పరిశోధకులు, పదాన్ని రాసుకున్నప్పటికంటే దాని బొమ్మ వేసినప్పుడు ఎక్కువ గుర్తుంటుందని చూపించారు. బొమ్మ బాగుందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాలేదు. దీన్ని నేను గట్టిగా నమ్ముతాను. ఒక వీధిని ఫోటో తీస్తే ఫోన్‌లో ఉంటుంది, పది నిమిషాలు కూర్చుని వేస్తే ఆ వీధిలో ఏ మేడకి ఎన్ని కిటికీలో ఏళ్ళ తరబడి మనలో ఉంటుంది.

నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద లాభం ఇంకొకటి: ఫలితం మీద భయం పోవడం. నెలకొక్క బొమ్మ వేసేవాళ్ళకి అది పాడైతే నెల పాడైనట్టే, అందుకే చెయ్యి వణుకుతుంది. రోజూ వేసేవాళ్ళకి రేపు ఇంకో పేజీ ఉంది. మన ఇళ్ళలో ముగ్గు వేసేవాళ్ళకి ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. ధనుర్మాసంలో మైలాపూర్ మాడవీధుల వైపు తెల్లవారుజామున వెళ్ళి చూడండి, అంత ముగ్గూ మధ్యాహ్నానికి చెప్పుల కింద చెదిరిపోతుంది, మర్నాడు మళ్ళీ వేస్తారు. చెయ్యి వేడెక్కడానికి కూడా ముగ్గుని మించింది లేదు. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేదాకా పెట్టండి, 37 చుక్కలు అవుతాయి. చుక్కల చుట్టూ మెలికలు తిప్పుతూ పెన్ను వీలైనంత తక్కువ ఎత్తి వేయండి. గీత తడబడేది తర్వాతి మలుపు ఎటో ముందు చూసుకోనప్పుడే. కొన ఉన్నచోట కాక, అది వెళ్ళబోయే చోట చూపు ఉంచడం దానితో అలవాటవుతుంది.

మధ్యలో ఒక రోజు తప్పితే? ఏం కాదు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మంది మీద చేసిన అధ్యయనంలో కొత్త పని అలవాటుగా కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా కనిపించింది, ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. తప్పిన రోజుకి బదులుగా మర్నాడు రెండు బొమ్మలు వేయాలని మాత్రం పెట్టుకోకండి. అప్పు పేరుకుంటే మానేయడం ఖాయం. టైమ్ కంటే ఏదో ఒక పనికి ముడిపెట్టుకోవడం మేలు, పొద్దున కాఫీ తాగాక అని. షిఫ్టులు మారినా కాఫీ మారదు కదా.

కొనాల్సినవి తక్కువే. హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్ళు, ఒక మెత్తని రబ్బరు, ఒక బాల్‌పెన్, ఏ5 సైజు నోట్‌బుక్. కాగితం 120 నుంచి 150 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) ఉండాలి, 80 జీఎస్ఎం జెరాక్స్ కాగితం నాలుగుసార్లు చెరిపితే పోగులు లేస్తుంది. ప్యారీస్ కార్నర్ వైపు వెళ్తే ఆండర్సన్ స్ట్రీట్‌లో కాగితం షాపులున్నాయి, 22 × 30 అంగుళాల కార్ట్రిడ్జ్ (డ్రాయింగ్ కాగితం) షీటు తీసుకుని పదహారు ముక్కలు కోయించుకుంటే ఒక్కోటి 5.5 × 7.5 అంగుళాలు వస్తుంది. క్లిప్పు పెట్టుకుంటే అదే నోట్‌బుక్. ఖరీదైన తోలు అట్ట పుస్తకం కొనకండి, మొదటి పేజీ పాడవుతుందన్న భయంతో అది ఖాళీగానే ఉండిపోతుంది.

నీటిరంగులు రెండో నెలలో చూసుకోండి, అప్పుడు 300 జీఎస్ఎం కాగితం కావాలి. ఇక్కడ చెన్నై తేమ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నీటిరంగు కాగితానికి రంగుని వెంటనే పీల్చేయకుండా ఒక జిగురు పట్టిస్తారు. కాగితం తేమలో నెలల తరబడి ఉంటే దానికి బూజు పట్టి ఆ జిగురు చెడిపోతుంది. చూడ్డానికి కాగితం తెల్లగానే ఉంటుంది, కుంచె పెట్టగానే అక్కడక్కడా అద్దుడు కాగితంలా పీల్చేసి ముదురు చుక్కలు పడతాయి. తప్పు మీ కుంచెది కాదు, ఆ షీటుని ఇక పెన్సిల్ పనికి వాడుకోండి. మిగిలిన షీట్లు జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లంతో, బయటి గోడకి ఆనని అలమరలో పెట్టండి. నీలం రంగు సిలికా గులాబీ రంగుకి తిరిగితే ఇక తేమ పీల్చదని అర్థం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో పూత ఆరడానికి చాలాసేపు పడుతుంది. పైన ఆరినట్టు కనిపించినా, వేలి వెనకవైపుతో తాకితే చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. అప్పుడు రెండో పూత పెడితే నీళ్ళు వెనక్కి తన్ని రంగు పువ్వులా విచ్చుకుంటుంది. రంగుబిళ్ళల డబ్బా తడిగా మూసేయకండి, రాత్రంతా తెరిచి ఉంచి ఆరాక మూయండి. లేకపోతే బిళ్ళల మీద కూడా బూజే.

ఆదివారాన్ని పూర్తిగా వదులుకోమనను. పెద్ద నీటిరంగు బొమ్మకి, బయటికి వెళ్ళి వేయడానికి ఆ రోజే వీలు. ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి, మన పల్నాటి సున్నపురాయి. లోతు తక్కువ చెక్కడం కాబట్టి గీతతోనే పట్టుకోవచ్చు, ఒక్క ఫలకంలో ఒక్క మనిషిని తీసుకోండి, చాలు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. మెరీనాలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శ్రమజీవుల విగ్రహం 1959 నుంచి ఉంది. నలుగురు బండని కదుపుతున్న ఆ బరువు ఏ కాలి మీద పడుతోందో చూసి ఒక్కో మనిషిని 30 సెకన్లలో వేయడం మంచి కసరత్తు. బాపు గీతని చూసి దించడం మన తెలుగువాళ్ళలో చాలామందికి ఇష్టం. వారానికి ఒక్కసారైతే మంచిదే, గీత ఎక్కడ లావెక్కిందో ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. రోజూ అదే చేస్తే ఆయన చూసి తేల్చిన జవాబులు మనకి వస్తాయి, మన చూపు మాత్రం ఎదగదు.

రోజంతా కీబోర్డు మీద ఉండే చెయ్యి కాబట్టి పెన్సిల్ బిగించి పట్టుకోకండి. వేళ్ళు తిమ్మిరెక్కితే ఆ రోజుకి ఆపేయండి. వేసినవి ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ పెట్టడం కూడా మొదటి మూడు నెలలు వద్దనే అంటాను. లైకులు వచ్చేవి బాగా వచ్చిన బొమ్మలకే, దాంతో తెలియకుండానే వచ్చినవే మళ్ళీ వేస్తాం, రానివాటి జోలికి పోం. దానికి బదులు ప్రతి పేజీ కింద తేదీ, ఆ రోజు తప్పు ఒక్క ముక్కలో రాసుకోండి: "మూతి మొనదేలింది", "నీడ లేత". మర్నాడు దాన్ని సరిచేయడమే పని.

పాపని తప్పకుండా కూర్చోబెట్టుకోండి, కానీ తనకి వేరే పుస్తకం ఇవ్వండి, ఏ4 సైజు, లావు మైనపు క్రేయాన్లు. మీ గ్లాసు తను వేయనక్కర్లేదు. "ఏనుగు కాళ్ళు ఇలా ఉంటాయా" అని దిద్దకండి. "ఈ ఏనుగు ఎక్కడికి పోతోంది?" అని అడగండి, ఇంకో పది నిమిషాలు వేస్తుంది. తను లేచి వెళ్ళిపోతే ఆపకండి, మీ 20 నిమిషాలు మీరు పూర్తి చేసుకోండి.