పాత జాన్ డీర్ ట్రాక్టర్ కొంటే పదేళ్లలో రెట్టింపు అవుతుందా?

ప్రశ్న: మేం ఇల్లినాయిలోని బ్లూమింగ్టన్‌లో ఉంటాం. పక్క ఊరి పెద్దాయన ఒకరు తన 1941 నాటి జాన్ డీర్ మోడల్ బి ట్రాక్టర్ 9,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. కొత్తగా రంగు వేయించారు, తళతళలాడుతోంది. పదేళ్లలో రెట్టింపు ధర పలుకుతుందని ఆయన మాట. రైతుబిడ్డను కాబట్టి నాకూ మనసు లాగుతోంది. పాప కాలేజీకి దాచిన డబ్బులోంచి తీయొచ్చా?

జవాబు: కాలేజీ డబ్బు మాత్రం ముట్టుకోకండి. ట్రాక్టర్ కొనాలా వద్దా అన్నది వేరే లెక్క.

పాతదైనంత మాత్రాన ధర రాదు. మోడల్ బి 1935 నుంచి 1952 దాకా 3 లక్షలకు పైగా తయారైంది. షెడ్లలో ఇంకా బోలెడు ఉన్నాయి. అదే మినియాపోలిస్-మొలీన్ కంపెనీ 1938లో తెచ్చిన యూడీఎల్ఎక్స్ ట్రాక్టర్ సంగతి చూడండి. మూసిన క్యాబిన్, హీటర్, రోడ్డు మీద గంటకు 40 మైళ్ల వేగం. ఇన్ని హంగులున్నా ఆ రోజుల్లో అంత ధర పెట్టే రైతులు దొరకలేదు, 150 దాకా తయారుచేసి ఆపేశారు. అప్పుడు అమ్ముడుపోని బండి కాబట్టే ఇప్పుడు దానికి అంత గిరాకీ. 1913 నాటి కేస్ కంపెనీ 30-60 ట్రాక్టర్ ఒకటి మీ రాష్ట్రంలోనే, నొకోమిస్ వేలంలో, 14 లక్షల డాలర్లు దాటింది. ఆ కాలపు భారీ యంత్రాలు చాలావరకు రెండో ప్రపంచ యుద్ధంలో తుక్కు కింద కరిగిపోయాయి మరి.

మోడల్ బిలోనూ అరుదైనవి లేకపోలేదు. ముందు చక్రాలను మోసే దిమ్మకు (పెడెస్టల్) నాలుగే బోల్టులున్న తొలినాటి బండ్లు, ఎత్తు పంటల కోసం చేసిన బీడబ్ల్యూహెచ్ రకం లాంటివాటి వెంట కలెక్టర్లు పడతారు. మామూలు 1941 బి ఆ కోవలోకి రాదు.

ఆ కొత్త రంగు చూస్తే నాకు కొంచెం అనుమానమే. వెలిసిపోయినా ఫ్యాక్టరీ రంగు మిగిలిన బండికే అసలైన కలెక్టర్ ఎక్కువ ఇస్తాడు. చలికాలంలో నీళ్లు తీయకుండా వదిలేస్తే అవి గడ్డకట్టి ఇంజిన్ బ్లాక్ పగులుతుంది, ఆ అతుకును రంగు కప్పేస్తుంది. సీరియల్ నంబరు ప్లేటు అసలుదేనా, రివెట్లు కొత్తగా కొట్టినట్టున్నాయా చూడండి. కంప్రెషన్ కాక్‌లు (సిలిండర్లలో ఒత్తిడి వదిలే చిన్న కుళాయిలు) తెరిచి, ఫ్లైవీల్ చేత్తో తిప్పించండి. కదలకపోతే బేరం అక్కడితో ఆపేయండి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. పాత ఇంజిన్ విప్పి చూడు అని కూడా చేర్చాల్సింది.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఈ బండ్లు కొనేవాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడు నాన్న పొలంలో వీటిని నడిపినవాళ్లే. వాళ్ల వయసు ఇప్పుడు డెబ్బై, ఎనభై. వాళ్ల దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటే వేలానికి వస్తున్నాయి. మీరు అమ్మే రోజుకు కొనేదెవరు?

ఇక పన్ను. ఆయన చెప్పినట్టే పదేళ్లకు 18,000 అయిందనుకుందాం. అంటే ఏడాదికి 7 శాతం పైచిలుకు. అందులోంచి షెడ్డు, ఇన్సూరెన్స్, టైర్లు, వేలం కమిషన్ పోవాలి. పైగా ఇలాంటి పాత వస్తువుల మీద దీర్ఘకాలిక లాభానికి ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉంటుంది. మీరు 22 శాతం స్లాబులో ఉంటే 9,000 లాభానికి 1,980 డాలర్లు కట్టాలి. అదే లాభం ఇండెక్స్ ఫండ్‌లో వస్తే చాలావరకు 15 శాతమే, అంటే 1,350. 529 ప్లాన్‌లో, అంటే చదువు కోసం దాచే పొదుపు ఖాతాలో ఉంచి పాప చదువుకే వాడితే ఫెడరల్ పన్ను అసలే లేదు. సరదాకి కొన్న ట్రాక్టర్ మీద నష్టం వస్తే దాన్ని పన్నులో చూపించుకోవడమూ కుదరదు. ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలోంచి కొందామనుకుంటే, పురాతన వస్తువు కింద లెక్కగట్టి ఆ మొత్తాన్ని మీరు బయటికి తీసుకున్నట్టే చూస్తారు.

అయినా కావాలనిపిస్తే కొనండి, తప్పేం లేదు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన ఉండి, ఈ 9,000 పూర్తిగా పోయినా ఇంట్లో ఏదీ ఆగదనుకుంటేనే. ముందు లేబర్ డే వారాంతంలో అయోవాలోని మౌంట్ ప్లెజెంట్‌లో జరిగే పాత వ్యవసాయ యంత్రాల ప్రదర్శన ఓల్డ్ థ్రెషర్స్ రీయూనియన్‌కు వెళ్లి రండి. బండ్ల పక్కనే యజమానులు ఉంటారు. మోడల్ బి ఉన్నాయన దగ్గర కాసేపు నిలబడి, కొన్న ధర కాదు, కొన్నాక పెట్టిన ఖర్చెంతో అడగండి.