మనస్సును చదవబోయే మనవరాలికి

కావలి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఎం.ఏ.లో మనస్సు, చైతన్యం అనే విషయాన్నే ప్రత్యేకంగా తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. తత్త్వశాస్త్రం బోధిస్తూనే తల నెరసినవాణ్ణి కనుక, నాకు ఆలస్యంగా తెలిసివచ్చిన సంగతి నీకు ముందే చెబుతున్నాను. ఏ సిద్ధాంతం వైపు నిలబడాలా అని తొందరపడకు. నువ్వు అడుగుతున్న ప్రశ్న ఏదో ముందు తేల్చుకో.

మన మాటలే మనల్ని తికమక పెడతాయి. రోగికి స్పృహ తప్పిందంటాం, ప్రజల్లో చైతన్యం వచ్చిందంటాం, వేదాంతి అదే చైతన్యాన్ని ఆత్మ స్వరూపం అంటాడు. చదివేటప్పుడు ఆ మాట కనిపించిన ప్రతిచోటా అది మెలకువా, ధ్యాసా, అనుభూతా అని పక్కన రాసుకో. మెదడు దేనిమీద ధ్యాస నిలుపుతుంది, విన్నదాన్ని ఎలా గుర్తుంచుకుంటుంది అన్నవి ఒక రకం ప్రశ్నలు. ఆ పనులన్నీ జరుగుతున్నప్పుడు లోపల అనుభూతి అనేది అసలు ఎందుకుండాలన్నది వేరే ప్రశ్న; 1995లో తత్త్వవేత్త డేవిడ్ చాల్మర్స్ 'కఠిన సమస్య' అని పేరు పెట్టింది దీనికే. చైతన్యానికి ఆధారమైన నాడుల అల్లిక ఇరవై ఐదేళ్లలో స్పష్టంగా తేలుతుందని 1998లో ఆయనతో పందెం కట్టిన నాడీశాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోఖ్, 2023లో ఓటమి ఒప్పుకొని వైన్ సీసాలు ఇచ్చుకున్నాడు.

ఒక జీవి అనుభూతి దాని లోపలి నుంచి ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలుస్తుందా అని అడుగుతూ, తత్త్వవేత్త థామస్ నేగెల్ 1974లో గబ్బిలాన్ని ఉదాహరణగా తీసుకున్నది, అది తన అరుపు ప్రతిధ్వనితో దారి తెలుసుకుంటుంది గనుక. మన ఊళ్లలో చెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు చూపుతోనే తిరుగుతాయి. ఆయన చెప్పినవి పాత మండపాల చీకట్లో ఉండే చిన్నవాటి వంటివి. ఉదాహరణను కూడా ఇలా సరిచూసుకోవడం అలవాటు చేసుకో.

ఇక నిద్ర సంగతి. మాండూక్యోపనిషత్తు చెప్పే సుషుప్తి, అంటే కలలు లేని గాఢనిద్ర గురించి అద్వైతులు, 'సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు' అని లేచాక చెప్పగలుగుతున్నాం గనుక ఆ నిద్రలోనూ సాక్షి ఒకటి ఉండాలంటారు. అది జ్ఞాపకం కాదు, లేచాక గుర్తులను బట్టి ఊహించి తేల్చుకునే 'అనుమానం' మాత్రమేనని నైయాయికుల, అంటే న్యాయదర్శనం వారి ఆక్షేపణ. నేను చాలాకాలం మొదటి పక్షాన్నే పాఠం చెప్పాను. నెల్లూరులో నాకు పిత్తాశయం ఆపరేషన్ జరిగిన రోజున, మత్తు ఇచ్చే డాక్టరు అంకెలు లెక్కపెట్టమన్నారు. మరుక్షణంలో నర్సు పిలుపు వినిపించింది. నడుమ రెండు గంటలు గడిచాయని గోడ గడియారం చెబితే తప్ప తెలియలేదు. రాత్రి నిద్రలో అలా ఉండదు. గడియారం చూడకముందే చాలాసేపు పడుకున్నానని తెలుస్తుంది. ఈ తేడా అద్వైతులకు బలం అనిపించి కొన్నాళ్లు సంతోషించాను. కానీ ఒళ్లు తేలికపడటం, నోరు ఎండటం వంటి గుర్తులతో కూడా కాలాన్ని ఊహించవచ్చు గదా అని నైయాయికుడు అడిగితే, ఇప్పటికీ నా దగ్గర తృప్తికరమైన జవాబు లేదు.

అందుకే అమ్మా, రేపటి నుంచి మంచం దిగకముందే, నీకు మొదట తోచిందేమిటో నాలుగు వాక్యాలు రాసిపెట్టు. కారణాలు రాయకు, చదివిన మాటలు వాడకు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం తీసుకురా. ఆపరేషన్ తరువాత నేను రాసుకున్న పేజీలు బయటికి తీసి ఉంచుతాను.

ఇట్లు,
తాతయ్య