టెక్ సందేహాలు: ఎకనోమెట్రిక్స్ పీజీకి గ్రాఫిక్స్ కార్డ్ దేనికండీ?

కాలేజీలు తెరిచినట్టున్నారు, ఈసారి మెయిల్స్‌లో సగం ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక డేటాకి స్టాటిస్టిక్స్ లెక్కలు కట్టే చదువు), క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీ వాళ్లవే. అందుకే ఈ వారం మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నా, ఫోన్ బ్యాటరీ ఉబ్బిందని రాసినవాళ్లు మాత్రం ఛార్జింగ్ పెట్టడం ఆపేసి ముందు సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి, నా జవాబు కోసం ఆగొద్దు.

ప్రశ్న: తిరుపతిలో ఎంఏ ఎకనోమెట్రిక్స్‌లో చేరాను సార్. నాన్న 60 వేలు ఇస్తానన్నారు. డేటా పని అనగానే షాపులో గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించి, గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే డేటా సైన్స్ నడవదు అంటున్నారు. తీసుకోనా?

వద్దు. ఈ రెండేళ్లలో మీరు నడిపేవి ఓఎల్ఎస్, ప్రాబిట్, లాజిట్, ప్యానెల్, టైమ్ సిరీస్ లాంటి రెగ్రెషన్ లెక్కలు (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో చూసేవి), వీటిలో ఏదీ గ్రాఫిక్స్ కార్డ్ జోలికే పోదు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ స్టాటా అయినా ఆర్ అయినా ఈవ్యూస్ అయినా పనంతా ప్రాసెసర్, ర్యామ్ మీదే. కార్డ్‌కి పెట్టే డబ్బు ర్యామ్‌కి పెట్టండి, 16 జీబీకి తగ్గొద్దు, ఐ5 గానీ రైజెన్ 5 గానీ చాలు, 512 జీబీ ఎస్ఎస్‌డీ. షాపులో అడగాల్సింది ఏంటంటే ర్యామ్ బోర్డు మీదే సోల్డర్ చేసేశారా లేక తర్వాత పెంచుకోడానికి స్లాట్ ఉందా అని. మోడల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొడితే మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎంఏ రెండో ఏడు. డిసర్టేషన్‌కి ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత) మహిళల ఫైల్ తీసుకున్నా. డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో ఉన్న స్టాటా బీఈ (స్టాటాలో చిన్న ఎడిషన్) వేరియబుల్స్, అంటే కాలమ్స్, ఎక్కువున్నాయని తెరవనంటోంది, ఇంట్లో ఆర్‌లో పెడితే 16 జీబీ ల్యాప్‌టాప్ మౌస్ కూడా కదలడం లేదు. 32 జీబీది కొనాల్సిందేనా?

కొనకండి, కొన్నా మళ్లీ ఇదే మెయిల్ రాస్తారేమో. ఆ ఫైల్‌లో 7,24,115 మంది ఆడవాళ్లున్నారు, కాలమ్స్ వేలల్లో. ఎందుకన్ని అంటే ఒక్కో తల్లికీ 20 కాన్పుల వరకు గడులు పెట్టేశారు, ఇద్దరు పిల్లలున్నావిడకి కూడా పుట్టిన నెల 20 గడులు, ఆడా మగా 20 గడులు, బతికున్నారా 20 గడులు, అందులో 18 ఖాళీ. స్టాటా బీఈ 2,048 వేరియబుల్స్ దాటితే ఒప్పుకోదు, దాని పై ఎడిషన్ ఎస్ఈ అయితే 32,767 దాకా వెళ్తుంది, అందుకే ల్యాబ్‌లో ఆగిపోయింది.

ఆర్ గొడవ వేరు. స్టాటా ఫైల్‌లో 0, 1 లాంటి చిన్న కోడ్‌కి ఒక్క బైట్ సరిపోతుంది, అదే ఫైల్‌ని ఆర్‌లో హేవెన్ ప్యాకేజీతో చదివితే ప్రతి నంబరూ 8 బైట్లు అయిపోతుంది. లెక్కేసుకోండి, 7.24 లక్షల వరుసలు ఇంటూ 8, ఒక్క కాలమ్‌కి 5.8 ఎంబీ, నాలుగు వేల కాలమ్స్ అనుకున్నా 23 జీబీ. మీ 16 జీబీలో విండోస్, బ్రౌజర్ తినేది పోగా ఇంకేం మిగులుతుంది! కానీ మీ రెగ్రెషన్‌లోకి వెళ్లేవి పాతికో ముప్పయ్యో కాలమ్స్ కదా, వాటికి 175 ఎంబీ కూడా అవ్వదు.

కాబట్టి ముందు రీకోడ్ మాన్యువల్ (ఏ కాలమ్‌లో ఏముందో చెప్పే పుస్తకం) పెట్టుకుని కావాల్సిన పేర్లు కాగితం మీద రాసుకోండి. స్టాటాలో యూజ్ అని కొట్టి వేరియబుల్ పేర్లు ఇచ్చి ఆ తర్వాత యూజింగ్, ఫైల్ పేరు, అంతే, బీఈలో కూడా అవే కాలమ్స్ వస్తాయి. ఆర్‌లో అయితే హేవెన్‌లో కాల్ సెలెక్ట్ ఆప్షన్ ఉంది. వచ్చిన చిన్న ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసుకుని ఇక దాని మీదే పని చెయ్యండి. వెయిట్ కాలమ్ (ఒక్కొక్కరి జవాబుకి లెక్కలో ఎంత బరువివ్వాలో చెప్పేది) వీ005, క్లస్టర్ (ఏ ఊరో, ఏ బ్లాకో చెప్పేది) వీ021, ఈ రెండూ మాత్రం మర్చిపోవద్దు, చాలామంది మర్చిపోయి మళ్లీ మొదటికొస్తారు. వీ005ని 10 లక్షలతో భాగించి వాడాలి, ఎందుకంటే దశాంశం లేకుండా ఇచ్చారు.

ప్రశ్న: తెలంగాణ 33 జిల్లాల డేటా, ఒకటే రెగ్రెషన్, రోబస్ట్ ఆప్షన్‌తో. కోఎఫిషియెంట్ రెండింట్లోనూ 0.86 వచ్చింది గానీ స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) స్టాటాలో 0.41, ఆర్‌లో శాండ్‌విచ్ ప్యాకేజీతో 0.47. ఒకదాంట్లో స్టార్ (5 శాతం దగ్గర నిలబడిందనే గుర్తు) ఉంది ఇంకోదాంట్లో లేదు. గైడ్ గారు డేటా మార్చావా అని అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

గైడ్ గారికి ధైర్యంగా చెప్పండి, డేటా ఎవరూ ముట్టుకోలేదు. రోబస్ట్ (డేటాలో చెదురు అన్నిచోట్లా ఒకేలా లేకపోయినా చెల్లే స్టాండర్డ్ ఎర్రర్) అనే మాట ఒకటే గానీ దాని కింద ఫార్ములాలు చాలా ఉన్నాయి. ఎకనామిస్ట్ హాల్బర్ట్ వైట్ 1980లో ఇచ్చిన అసలు ఫార్ములాని హెచ్‌సీ0 అంటారు, తర్వాత చిన్న శాంపిల్స్ కోసం హెచ్‌సీ1, 2, 3 వచ్చాయి. స్టాటాలో రెగ్రెస్ కమాండ్‌కి రోబస్ట్ అని కొడితే హెచ్‌సీ1 ఇస్తుంది, ఆర్ శాండ్‌విచ్‌లో వీకొవ్ హెచ్‌సీ అని ఊరికే కొడితే డిఫాల్ట్ హెచ్‌సీ3. ఆర్‌లో టైప్ దగ్గర హెచ్‌సీ1 అని పెట్టి చూడండి, స్టాటా నంబరే వస్తుంది, ఆ ప్రింటవుట్ తీసి గైడ్ గారికి ఇచ్చెయ్యండి.

మీకు తేడా అంత పెద్దగా ఎందుకు కనపడిందంటే 33 జిల్లాలే కాబట్టి. హెచ్‌సీ1 చేసేదల్లా వేరియన్స్‌ని (స్టాండర్డ్ ఎర్రర్ స్క్వేర్‌ని) 33 బై 28తో గుణించడం, 28 అంటే 33లో 5 పోగా, మీవి కాన్‌స్టంట్‌తో కలిపి 5 కోఎఫిషియెంట్స్ అనుకుంటే, అంటే స్టాండర్డ్ ఎర్రర్ 8.6 శాతం పెరుగుతుంది. హెచ్‌సీ3 అలా అందరికీ ఒకే గుణకం వెయ్యదు, లెవరేజ్ ఎక్కువున్న, అంటే మిగతావాటికి దూరంగా ఉండి ఫలితాన్ని తనవైపు లాగే జిల్లాకి ఎక్కువ శిక్ష వేస్తుంది, హైదరాబాద్ లాంటి జిల్లా మిగతావాటికి దూరంగా ఉంటుంది కదా, అక్కడ తేడా వచ్చేస్తుంది. పై ఎన్ఎఫ్‌హెచ్ఎస్ ఫైల్ లాంటిదైతే ఇవన్నీ దాదాపు ఒకటే.

ఇక ఏది రాయాలి? స్టార్ ఉన్నదే రాద్దామని మనసు లాగుతుంది, తెలుసు. మీది చిన్న శాంపిల్ కాబట్టి హెచ్‌సీ3 రాయండి, స్టాటాలో కూడా వీసీఈ బ్రాకెట్‌లో హెచ్‌సీ3 అంటే వస్తుంది. 0.86ని 0.47తో భాగిస్తే 1.83, 28 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి 2.05 కావాలి, 5 శాతం దగ్గర నిలబడలేదని ఒక లైన్ రాసెయ్యండి. టేబుల్ కింద ఏ రకం వాడారో, ఏ సాఫ్ట్‌వేరో కూడా రాయండి, వైవాలో సగం ప్రశ్నలు అక్కడే తగ్గిపోతాయి.

ప్రశ్న: సీనియర్ పెన్‌డ్రైవ్‌లో స్టాటా క్రాక్ ఇస్తానన్నాడు అన్నా. పర్లేదా?

తీసుకోకు తమ్ముడూ. దొంగ సాఫ్ట్‌వేర్ అనే మాట పక్కన పెట్టినా ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకేం ఉన్నాయో మీ సీనియర్‌కే తెలీదు, నీ యూపీఐ కూడా అదే ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ఆర్ ఫ్రీ, మెనూలు కావాలంటే గ్రెటెల్ ఫ్రీ, ఎంఏ సిలబస్ దాంట్లో దాదాపు అంతా అయిపోతుంది. స్టాటానే కావాలంటే స్టూడెంట్స్‌కి ఆరు నెలల లైసెన్స్ ఉంది, థీసిస్ సెమిస్టర్‌లో కొనుక్కో.

ప్రశ్న: గుంటూరు నుంచి. పీఎల్ఎఫ్ఎస్‌లో (కేంద్రం చేసే ఉద్యోగాల సర్వే) ఇంటి ఫైల్, మనుషుల ఫైల్ కలపడానికి ఏఐ చాట్‌బాట్‌ని కోడ్ అడిగా. ఒక్క ఎర్రర్ లేకుండా రన్ అయింది కానీ ఒకే ఇంట్లో భార్యాభర్తలకి వేరే వేరే మతం, వేరే వేరే నెలఖర్చు వస్తోంది. డేటాలోనే తప్పా?

మీరు పంపిన కోడ్ చూశా. రెండు ఫైళ్లు కలిపే స్టాటా కమాండ్ మర్జ్ ఎం:ఎం అని ఉంది, కలిపే కీగా ఎఫ్ఎస్‌యూ నంబర్ ఒక్కటే ఇచ్చింది. ఎఫ్ఎస్‌యూ అంటే ఊరో, పట్టణంలో బ్లాకో, అందులో చాలా ఇళ్లుంటాయి. ఎం:ఎం ఏం చేస్తుందంటే ఆ ఊరి మనుషుల్ని, ఆ ఊరి ఇళ్లని పక్కపక్కన వరుసలో నిలబెట్టి మొదటి మనిషికి మొదటి ఇల్లు, రెండో మనిషికి రెండో ఇల్లు అంటగట్టేస్తుంది, ఇళ్లు అయిపోతే చివరి ఇంటినే మిగతా అందరికీ ఇస్తుంది. ఆ భర్త గారికి సొంతిల్లు, భార్య గారికి పక్కిల్లు అలా వచ్చిందన్నమాట. స్టాటా మాన్యువలే ఎం:ఎం వాడొద్దంటుంది, అయినా చాట్‌బాట్లు ఇస్తూనే ఉంటాయి, ఎర్రర్ రాదు కాబట్టి మనం కూడా నమ్మేస్తాం.

ఇలా చెయ్యండి. ఇంటి ఫైల్ తెరిచి క్వార్టర్, విజిట్, ఎఫ్ఎస్‌యూ, సబ్‌బ్లాక్, సెకండ్ స్టేజ్ స్ట్రాటమ్, శాంపిల్ ఇంటి నంబర్ అన్నీ కలిపి ఐఎస్ఐడీ కమాండ్ కొట్టండి, నోరెత్తకుండా ఉంటే ప్రతి ఇల్లూ ఒక్కసారే ఉందని అర్థం. అప్పుడు అదే కీతో 1:ఎం మర్జ్, అంటే ఒక ఇంటికి చాలామంది మనుషులు. అయ్యాక మర్జ్ కాలమ్ ట్యాబ్ చేసి అందరూ 3లోనే (రెండు ఫైళ్లలోనూ దొరికినవాళ్లు) ఉన్నారా చూడండి. మల్టిప్లయర్‌ని (ఈ సర్వేలో వెయిట్ కాలమ్) కూడా ఉన్నదున్నట్టు వాడకండి, దేనితో భాగించాలో ఆ సంవత్సరం ఫైళ్లతో వచ్చిన రీడ్‌మీలో ఉంటుంది, అది చాట్‌బాట్‌ని అడక్కండి.

ప్రశ్న: మాది పాలమూరు. మా వైపు ఊళ్ల ప్యానెల్ డేటా (అవే ఇళ్లని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అడిగి రాసినవి) ఏదైనా దొరుకుతుందా?

భలే అడిగారు. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి ఔరేపల్లి, డోకూరు ఊళ్లలో ఇంటింటి లెక్కలు రాశారు, రెండూ ఉమ్మడి మహబూబ్‌నగర్‌వే. ఎకనామిస్ట్ రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనోమెట్రికా జర్నల్‌లో రాసిన పేపర్‌కి ఔరేపల్లి ఇళ్ల లెక్కలూ వాడారు, ప్రపంచమంతా డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ పిల్లలు చదివే పేపర్ అది. మొదటి విడత 1980ల మధ్యలో ఆగి 2001లో మళ్లీ మొదలైంది కాబట్టి పాత ఇళ్లని కొత్తవాటితో కలిపేముందు ఇంటి కోడ్‌లు సరిచూసుకోండి, పిల్లలు వేరుపడి కొత్త కుటుంబాలయి ఉంటాయి.